స్టీరింగ్ సీదా పెట్టి పంపిన

హృదయాన్ని లోపలి నుంచి చూసే దేవునికి స్తోత్రం. పట్టపగలు అందరి ఎదుట చేసి ఎవరికీ కనబడకుండా దాచిన పనిని కూడా తన వెలుగులోకి తెచ్చేవాడికి స్తోత్రం. పదేళ్ళు ఓపిక పట్టి, ఇక చాలని నా నోరు తెరిపించిన ప్రభువుకు మహిమ.

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నా మీద ఒక బరువు ఉంది. అది నాలుగు పదాల మాట. అందులో ఒక్క పదం కూడా అబద్ధం కాదు. అబద్ధం చెప్పి ఉంటే ఏదో ఒక ఉపవాసంలో, ఏదో ఒక కన్నీటి ప్రార్థనలో ఎప్పుడో కక్కేసి ఉండేవాణ్ణి. నిజం చెప్పాను కదా అని నన్ను నేను సమాధానపరచుకుంటూ పదేళ్ళు మోశాను.

నేను సూర్యాపేటలో బండ్లకు వీల్ అలైన్‌మెంట్ చేస్తాను. కార్లు, లారీలు, ఎక్కువగా సరుకు మోసే పికప్ బండ్లు. మా సంఘంలో పెద్దల్లో ఒకణ్ణి. బండి చక్రం సరాళంగా ఉండాలి, మనిషి నడకా సరాళంగా ఉండాలి అని వేదిక మీద పోలిక చెబితే జనం ఆమెన్ అనేవారు. నా పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు, చెప్పాల్సిన చోట పేరు పెట్టే చెబుతాను. ఇందులో ఒక ఇంటి ఆడపిల్ల ఉంది. నా పేరు తెలిస్తే వాళ్ళ పేరూ తెలిసిపోతుంది. ఆమె తండ్రి పేరు కూడా మార్చి సైదులు అంటున్నాను. మా వైపు ఇంటికొక సైదులు ఉంటాడు కాబట్టి ఆ పేరు ఎవరికీ ప్రత్యేకంగా తగలదు.

పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నా తప్పు ఎంతటిదో మీకు తెలియదు. జాలిపడి తక్కువగా లెక్కిస్తారు. అది నాకు వద్దు.

స్టీరింగ్ కాస్త వదిలితే బండి ఒక పక్కకు పోతుంటే, గుంజుతుంది అంటాం. మొదట టైర్లలో గాలి చూడాలి. తర్వాత ముందు టైర్లు రెండూ అటుది ఇటు మార్చి నడపాలి. గుంజే పక్క మారితే దోషం టైరుది. మారకపోతే ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టాలి. బ్రేకు పట్టేసి ఉంటే ఆ చక్రం వేడిగా ఉంటుంది. ఆ తర్వాత జాకీ ఎత్తి, చక్రం పట్టుకుని ఊపి, కీళ్ళలో ఆట, అంటే వదులు, ఉందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాకే మిషన్. ఇదంతా ముందు చక్రాల సంగతి. వెనక చక్రాలను ఎవరూ అనుమానించరు. అవి ముందు వాటి వెంట పోతాయని అనుకుంటారు. కాని వెనక ఇరుసు ఒక పక్కన అంగుళం జరిగిందంటే, అది బండి మొత్తాన్ని పక్కకు తోస్తుంది. చేతుల్లో మాత్రం ముందు గుంజుతున్నట్టే ఉంటుంది. తేడా చేతులకు తెలియదు. సీట్లో కూర్చున్నవాడి నడుముకు తెలుస్తుంది.

నాకు ఈ పని నేర్పింది కోదాడలో ఒక ముసలి ఉస్తాద్. ఆయన దగ్గర మిషన్ లేదు. రెండు ఇనుప స్టాండ్లు, ఒక దారం, ఒక టేపు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బండి పక్కన దారం బిగించి కట్టేవాడు. ఏ చక్రం దారానికి ఎంత దూరంలో ఉందో చూసి బండి ఎముకలన్నీ చెప్పేసేవాడు. నేను సొంతంగా దుకాణం పెట్టి, పాత కంప్యూటర్ మిషన్ ఒకటి కొన్నప్పుడు చూడటానికి వచ్చాడు. స్క్రీన్ మీద పచ్చగా వెలిగే అంకెలను చాలాసేపు చూశాడు.

“బాగుంది బేటా. కాని ఇది ముందరే చూస్తుంది. దారం మొత్తం బండిని చూస్తుంది. దారాన్ని పారెయ్యకు.”

ఆ మిషన్‌కు నాలుగు చక్రాలకు తగిలించి కొలిచే నాలుగు తలలు ఉండాలి. వెనక రెండూ పని చేసేవి కావు. నేను ముందు రెండింటితోనే నడిపించేవాణ్ణి. బోర్డు మీద మాత్రం కంప్యూటర్ అలైన్‌మెంట్ అని పెద్ద అక్షరాలు రాయించాను. దారం పైన అటకలో ఎక్కడో పడి ఉండేది.

సైదులుది తిరుమలగిరి దగ్గర పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. గొర్రెలను అన్నదమ్ములకు వదిలి డ్రైవరయ్యాడు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఓనరు దగ్గర పికప్ నడిపేవాడు. మిల్లు నుంచి కోదాడకు, సూర్యాపేటకు బియ్యం బస్తాలు వేసేవాడు. అంతకు ముందు బాగా తాగేవాడు. ఒకసారి తాగి బండిని డివైడర్‌కు కొట్టాడు. ఆ రోజుతో మానేశాడు. ఆరేళ్ళ కూతురి తల మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టు వేశాడు. మా వైపు బిడ్డ తల మీద ఒట్టు కంటే పెద్ద ఒట్టు లేదు. దాన్ని తప్పితే కీడు తప్పినవాడికి రాదు, ఆ తల ఎవరిదో వాళ్ళకు వస్తుందంటారు. ఒట్లు నా విశ్వాసంలో లేవు. కాని ఆ ఇంట్లో ఆ మాట ఎంత లోతుగా దిగి ఉందో నాకు తెలుసు. నాకు తెలుసు అన్న సంగతి మీరు గుర్తుంచుకోండి.

అది శుక్రవారం. పదకొండు గంటలకు మా సంఘంలో ఉపవాస ప్రార్థన. ఆ వారం వాక్యం చెప్పాల్సింది నేనే. పది గంటలకు సైదులు బస్తాల లోడుతో వచ్చి బండి ఆపాడు. నా దుకాణంలో అప్పటికే ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూర్చుని చాయ తాగుతున్నారు.

“ఏమైంది సైదులూ, గుంజుతుందా?”

“గుంజుతలేదన్నా. నూకుతాంది.”

మా భాషలో నూకడం అంటే తోయడం. నేను నవ్వాను. “నూకుడేందయ్యా? స్టీరింగ్ ముందటుంటది. ముందట నుంచి గుంజుతది గని ఎనక నుంచి ఎవడు నూకుతడు, మీ మామనా?”

చాయ తాగుతున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. సైదులూ నవ్వాడు. కాని వదల్లేదు.

“జర ఇను అన్నా. బండి కుడి దిక్కు పోతాంది. నేను ఎడమకు తిప్పి పట్టుకుంటున్న. అది సరే. గని నడుముల తెలుస్తాంది, ఎనక నుంచి నూకుతాంది. నడుముకు దెబ్బ దాకిన పొట్టేలు ఉంటది సూడు. తల సీదనే పెడ్తది. ఎనక కాళ్ళు ఓ దిక్కు పోతుంటయ్. అడ్డమడ్డం నడుస్తది. గట్ల నడుస్తాంది నా బండి.”

“నీకు గొర్రెలు తప్ప ఇంకోటి కనవడదా?”

“ఎందుకు కనవడదు, నువ్వు కనవడ్తున్నవ్. కసాయోణ్ణి సూసిన గొర్రె లెక్క మాటిమాటికి గడియారం దిక్కు సూస్తున్నవ్. ప్రార్థన ఉన్నదా ఇయ్యాల?”

“ఉన్నది. నేనే చెప్పాలె.”

“అయితే జల్ది కానియ్. దేవుణ్ణి ఆగమనుడు మంచిగుండదు.”

గాలి చూశాను. సరిగానే ఉంది. ముందు చక్రాలు ఊపి చూశాను. ఆట లేదు. మిషన్ తగిలించాను. అంకెలు పచ్చగా వచ్చాయి. లేచి బండి పక్కన నడుస్తూ వెనక ఎడమ చక్రం దగ్గర ఆగాను.

ఇక్కడ నేను నెమ్మదిగా రాయాలి.

చక్రం మీద రేకు కమాను ఉంటుంది కదా. చక్రం దాని మధ్యలో కూర్చోవాలి. అది మధ్యలో లేదు. ముందు వైపు సందు ఎక్కువ, వెనక వైపు సందు తక్కువ. అంగుళం వరకూ వెనక్కి జరిగి ఉంది. కుడి వైపు వెళ్ళి చూశాను. అక్కడ సరిగ్గా మధ్యలో ఉంది. అంటే ఎడమ వైపు, బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టను ఇరుసుకు కూర్చోబెట్టే సెంటర్ బోల్టు తెగింది. ఇరుసు జారింది. పొట్టేలు నడుము తప్పింది. సైదులు చెప్పింది అక్షరం అక్షరం నిజం.

చూశానా? చూశాను. అర్థమైందా? అయింది. ఎంతసేపు పట్టింది? ఒక్క ఊపిరి.

బస్తాలు దించాలి. జాకీ ఎత్తాలి. పట్టీల కట్ట విప్పి కొత్త బోల్టు వేయాలి. సగం రోజు పని. గడియారంలో పదీ ఇరవై దాటింది. సంఘం ఎదురు చూస్తుంది. దేవుని పనికి ఆలస్యం కాకూడదు. ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను. కాని సహోదరుడా, అది కారణం కాదు. కారణమైతే, “బండి తియ్యకు, రేపు చేస్తా, బోల్టు తెగింది” అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట ఎందుకు అనలేదు? అంటే, అతని మాటే నిజమని ఇద్దరి ఎదుట ఒప్పుకోవాలి. ఇప్పుడే కదా అందరం కలిసి నవ్వాం. నా మిషన్‌కు వెనక తలలు పని చేయవని బయట పడాలి. గొర్రెలు కాసేవాడి నడుము నా కంప్యూటర్ కంటే గట్టిదని చెప్పాలి. అది చెప్పలేకపోయాను. ఉపవాసంతో ఉన్నాను. కడుపు ఖాళీగా ఉంది. గర్వం మాత్రం నిండుగా తిని కూర్చుంది.

ఏం చేశానో చెబుతాను. మా పనిలో ఉన్నవాళ్ళు చదివితే ఇప్పుడే తల దించుకుంటారు. డ్రైవరు అలైన్‌మెంట్ బాగుందా లేదా అన్నది ఒక్కదానితో చూస్తాడు. బండి నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం అడ్డ కడ్డీ నేరుగా ఉందా, వంకరగా ఉందా? అంతే. కాబట్టి స్టీరింగ్ మధ్యలో ఉన్న నట్టు విప్పి, చక్రం పైకి లాగి, లోపలి పళ్ళలో ఒక పన్ను మేర తిప్పి మళ్ళీ కూర్చోబెట్టాను. పది నిమిషాలు. బండి వంకర బండిలోనే ఉంది. కంటికి మాత్రం స్టీరింగ్ సీదా.

తర్వాత బైపాస్ మీదికి నడిపి చూపించాను. మన రోడ్లకు ఎడమ వైపు వాలు ఉంటుంది, వాన నీళ్ళు దిగడానికి. కుడికి పోయే బండిని ఆ వాలు కాస్త ఎడమకు దించి సరిచేస్తుంది. చదునైన చోట చూపించాలని నాకు తెలుసు. వాలు ఎక్కువున్న చోటే చూపించాను. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి, “సూడు” అన్నాను. బండి గీత గీసినట్టు పోయింది.

సైదులు స్టీరింగ్ కడ్డీ వైపు వంగి చూశాడు. వెనక్కి తిరిగి వస్తుంటే అన్నాడు. “సీదనే ఉందన్నా. గని నూకుడు పోలె.”

“రెండు దినాలు నడుపు. అలవాటైతది.”

“నువ్వంటే అయితది తియ్.” దుకాణం ముందు దిగి, బండి ఎక్కబోతూ మళ్ళీ నవ్వాడు. “అన్నా, ఎట్లయినా ప్రార్థనకు పోతున్నవ్ గద. నా బండిని గూడ జర యాదికి తెచ్చుకో.”

నేను టైముకే వెళ్ళాను. చిన్న పనిలో నమ్మకంగా ఉండటం గురించి వాక్యం చెప్పాను. నలభై మంది దాకా ఉన్నారు. ఆమెన్ అన్నారు. అతని బండి యాదికి వచ్చింది. దాని గురించి ప్రార్థన చేయలేదు. చేస్తే దేవుడు ఏమంటాడో తెలుసు కాబట్టి చేయలేదు.

ఐదు రోజులకు, మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం. కాలువ వంతెన దాటాక రైతులు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టారు. సైదులు బ్రేకు వేశాడు. లోడు బండి, బిగువు లేని ఇరుసు. ఎడమ వెనక చక్రం ఇంకా వెనక్కి జారి ఉంటుంది. బండి ఒక్కసారిగా కుడికి తిరిగి, రోడ్డు దాటి, గుంతలో బోర్లా పడింది. ఇంకెవరికీ తగల్లేదు, దేవుని దయ. అతని ఎడమ కాలు మాత్రం రేకుల మధ్య ఇరుక్కుంది. కాల్లో రాడ్డు వేశారు. కాలు పొట్టిదైంది. క్లచ్ తొక్కే కాలు అది. డ్రైవరు పని ఖతమైంది.

పడిన చోట జనం ఏమన్నారంటే, ఎదురుగా బండి లేదు, టైరు పేలలేదు, ఉత్తగనే పడేసిండు, తాగి ఉంటడు. ఒకప్పుడు తాగి డివైడర్‌కు కొట్టినవాడు కదా. ఆ మాట అంటుకోవడానికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు.

బండిని క్రేన్‌తో తెచ్చి నా దుకాణం ముందే దించారు. ఓనరు నాకే పని చెప్పాడు. కిందికి దూరి చూశాను. బోల్టు తెగిన ముఖం ముప్పాతిక మేర తుప్పు పట్టి గోధుమ రంగులో ఉంది. అంచున కొంచెం మాత్రమే మెరుస్తుంది. అంటే చాలా రోజుల కిందే తెగడం మొదలైంది. నా దగ్గరికి వచ్చినప్పటికే తెగి ఉంది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడే ఓనరు వచ్చాడు. సంఘంలో నేను ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన అడిగిన తీరే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

“బ్రదర్, నువ్వు దేవుని మనిషివి. అబద్ధం చెప్పవు. వాడేమో బండి నూకింది, నూకింది అంటుండు. నీ దగ్గరికి వచ్చింది గద పోయిన వారం. బండి ఎట్లుండె?”

ఇదే ఆ మాట. “స్టీరింగ్ సీదా పెట్టి పంపిన సార్.”

ఆయన తల ఊపాడు. అంతే. ఆ తల ఊపుతో ఒక మనిషి తాగుబోతు అయిపోయాడు.

అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ నాకు ఆదివారపు బడిలోనే కంఠస్థం. నేను దాన్ని మీరలేదు అనుకున్నాను. మీరకుండా దాని పక్క సందులోంచి దూరి పోయాను. సాక్ష్యం అబద్ధం కావడానికి మాట అబద్ధం కానక్కర్లేదని ఏ పాస్టర్ గారూ నాకు చెప్పనక్కర్లేదు. చక్రం తీసి ఒక పన్ను తిప్పి పెట్టినవాడికి అది తెలియదా? స్టీరింగ్‌కు చేసిందే మాటకూ చేశాను.

కొత్త బోల్టు వేశాను. పాతది తుక్కులో పడేశాను. దాచుకోలేదు. తుక్కు కొనేవాడు ఎప్పుడో తూచుకుని పోయాడు. ఈ రోజు నా మాటకు రుజువు నా నోరు తప్ప ఇంకేమీ లేదు.

దవాఖానాకు వెళ్ళి సైదులును చూశాను. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళానా, ప్రేమతో వెళ్ళానా? ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అతను నా చెయ్యి పట్టుకుని, “నూకింది అన్నా. మా ఆమె నమ్ముతలేదు. నువ్వన్న చెప్పు” అన్నాడు. నేను అతని కాలు మీద చెయ్యి ఉంచి గట్టిగా ప్రార్థన చేశాను. వార్డులో అందరూ కళ్ళు మూసుకున్నారు. చెప్పమన్నది చెప్పకుండా, చెప్పమననిది దేవునికి చెప్పి బయటికి వచ్చేశాను. అంతకంటే నీచమైన ప్రార్థన నేను చేయలేదు.

తర్వాత పదేళ్ళలో దుకాణం పెరిగింది. కొత్త మిషన్ వచ్చింది. నాలుగు చక్రాలనూ చూస్తుంది. అయినా ఆ ప్రమాదం తర్వాత అటక మీద నుంచి ఉస్తాద్ దారం దించాను. ప్రతి బండికీ దారం కడతాను. వెనక కమానుల్లో చెయ్యి పెట్టి సందు కొలుస్తాను. మిషన్ ఉండీ దారం కడతాడు చూడు, ఎంత నమ్మకస్తుడో అని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఆ దారమే నా పశ్చాత్తాపం అనుకున్నాను. కాదు. దానివల్ల ఎన్నో బండ్లు బాగుపడ్డాయి. సైదులు మాత్రం ఎక్కడివాడక్కడే ఉన్నాడు. ఆదివారాల్లో సాక్ష్యాల సమయం వస్తే లేచి, నా చేతి పనిని దేవుడు దీవించాడని చెప్పేవాణ్ణి. సాక్ష్యం అనే మాట పలికిన ప్రతిసారీ ఆ తుప్పు బోల్టు గుర్తొచ్చేది. వెంటనే పాట ఎత్తుకునేవాణ్ణి.

పోయిన వారం సువార్త కూడికకు తిరుమలగిరి వైపు వెళ్ళాను. హోటల్ దగ్గర చాయ తాగుతుంటే రోడ్డు దాటుతున్న గొర్రెల మంద వెనక సైదులు వచ్చాడు. కాలు ఈడుస్తూ, అడ్డంగా నడుస్తున్నాడు. ఆ నడక గురించి అతనే నాకు ఒకప్పుడు చెప్పాడు. నన్ను గుర్తుపట్టి సంతోషంగా పక్కన కూర్చున్నాడు. పిల్ల గురించి అడిగాను. ఇంటర్ చదువుతుందన్నాడు.

“మంచిగ సదువుతది అన్నా. గని నాతోని సరిగ మాట్లాడది. చిన్నప్పటి నుంచి దానికి జరం వచ్చినా, పడి మోకాలు కొట్టుకపోయినా మా ఆమె నా మీదికే వస్తది. ‘బిడ్డ తల మీద ఒట్టు దప్పినవ్, గిట్ల గాకుంటె ఎట్లయితది’ అంటది. ఇని ఇని దానికీ అదే పడ్డది. నా తల కంటె నీకు సీసానే ఎక్కువ అయింది గద అంటది.” చాయ ఊదుకుని నవ్వాడు. “ఊళ్ళె నా పేరే ఒట్టు దప్పినోడు. పో, ఇగ గిట్లనే నడుస్తది.”

చుక్క ముట్టలేదు ఆ మనిషి. ఈ పదేళ్ళలో కూడా ముట్టలేదు. ముట్టినవాడి శిక్ష అంతా అనుభవిస్తూ ముట్టలేదు.

అప్పుడే చెప్పాలి కదా? చెప్పలేదు. చాయ తాగి వచ్చేశాను. మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. ఉపవాసం ఎందుకు? దేవుడు ఏమి చెప్పాలి నాకు? ఆయన చెప్పాల్సింది పదేళ్ళ కిందే ఆ చక్రం దగ్గర చూపించాడు. ఇంకా ప్రార్థిస్తున్నానంటే మళ్ళీ ప్రార్థన చాటున దాక్కుంటున్నానని మూడో రోజు తెలిసింది. అన్నం తిని బస్సు ఎక్కాను.

వాళ్ళ ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. నిలబడే చెప్పాను. కూర్చుంటే మాట మెత్తబడుతుందని. ఆ అమ్మాయికి సగం అర్థం కాలేదు. తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్ను ఇచ్చింది. బండి బొమ్మ గీశాను. నాలుగు చక్రాలు. పక్కన దారం. ఎడమ వెనక చక్రాన్ని జరిపి గీసి, “ఇది ఇట్ల ఉండె. నేను సూసిన. సూసి మీ నాయనకు చెప్పలె. ఆయన తాగలె బిడ్డా” అన్నాను.

సైదులు భార్య నా ముందుకు వచ్చింది. “పదేండ్లు ఈయన్ని తిట్టిన. నీ పుణ్యాన” అంది. తర్వాత, “ఇంట్ల చెప్పుడు కాదు. ఊళ్ళె చెప్పు. హోటల్ కాడ చెప్పు” అంది.

అమ్మాయి అడిగింది. “అప్పుడే ఎందుకు చెప్పలె?”

వాక్యం చెప్పే నోరు నాది. పెన్నుకు మూత పెట్టి ఆమెకు తిరిగి ఇచ్చాను.

సైదులు మాత్రం కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. కోపం ఉందో లేదో ముఖంలో తెలియలేదు. చివరికి అడిగాడు.

“అంటే నూకిందే గద అన్నా?”

“నూకింది.”

“ఎనక నుంచే?”

“ఎనక నుంచే.”

కూతురి వైపు తిరిగాడు. “ఇన్నవా బిడ్డా. నూకింది.” అదే మాట ఇంకోసారి, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే లేచాడు. “ఇగ నువ్వు పో అన్నా. గొర్రెలకు నీళ్ళు పెట్టాలె.”

క్షమించానని అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగే హక్కు ఉందని నాకు అనిపించలేదు. గడప దాటుతుంటే, ఆ అమ్మాయి కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకోవడం మాత్రం చూశాను.

మరునాడు మిర్యాలగూడ వెళ్ళి ఓనరుకు చెప్పాను. “ఇప్పుడెందుకు బ్రదర్ అవన్నీ” అన్నాడు. అయినా పూర్తిగా చెప్పాను. ఇక రెండు చోట్లు మిగిలాయి. ఎల్లుండి పొద్దున వాళ్ళ ఊరి హోటల్ దగ్గర, జనం చాయకు చేరే వేళకు, నా పేరు పెట్టి చెబుతాను. ఈ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి సంఘం ఎదుట చెబుతాను. పెద్దరికం పోతుంది. పోవాలి. దుకాణానికి బండ్లు తగ్గవచ్చు. తగ్గనీ. ఇంకోసారి ఉపవాసం పెట్టుకుని ఆలోచించను. ఈ కాగితం కూడా అందుకే రాశాను. వెనక్కి జారితే నా రాతే నన్ను పట్టుకోవాలి.

బరువు పోయిందా అంటే లేదు. అతని కాలు నేరుగా కాదు. ఆ పిల్ల చిన్నతనం తిరిగి రాదు. కాని పదేళ్ళ తర్వాత నా నోట్లో ఒక మాట వంకర లేకుండా ఉంది. బండి నూకుతుందని సైదులు చెప్పాడు, అది నిజమని చూశాను, చూసి నోరు మూసుకున్నాను. రాస్తుంటే ఊపిరి లోపలి దాకా పోతుంది. అంత మాత్రం చాలు నాకు.

ఇక మీరు ఒక సాయం చేయండి. ఎక్కడ ఉండి చదువుతున్నారో అక్కడే కాసేపు కళ్ళు మూసుకోండి. నా క్షమాపణ కోసం వద్దు. ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళు ఒక పళ్ళెం దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలని అడగండి. ఎల్లుండి హోటల్ దగ్గర నా నోరు మళ్ళీ సగం నిజం కోసం వెతుక్కోకుండా కాయమని అడగండి. దేవా, వంకర వెనక ఉంటే ముందు సీదా చేసి చూపించే బుద్ధి మాలో ఎవరికీ ఉంచకు అని నాతో కలిసి అనండి. ఆ శుక్రవారం నా మాటలకు నలభై మంది ఆమెన్ అన్నారు. ఈ మాటలకు మీరొక్కరు అనండి.